బయానా కంటే ముందు: కోనసీమలో ఇల్లు కొనేవారి పొరపాట్లపై ఒక సమీక్ష

ముమ్మిడివరంలో ఒక ఇల్లు బేరానికి వచ్చిందంటే వ్యవహారం దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. తెలిసినవాళ్ల ద్వారా కబురొస్తుంది. ఇంటిల్లిపాదీ వెళ్లి చూసొస్తారు. సిద్ధాంతిగారు వచ్చి వాకిలి, వంటిల్లు, నుయ్యి ఏ దిక్కున ఉన్నాయో చూస్తారు. మధ్యవర్తి ఎదుట ధర తెగుతుంది. మంచిరోజు చూసి బయానా ఇస్తారు. కాగితాల మాట ఆ తర్వాతే వస్తుంది, అదీ బ్యాంకువాళ్లో దస్తావేజు లేఖరో అడిగినప్పుడు. ఇల్లు కొనేవారు చేసే పొరపాట్లు చాలా రకాలున్నా, మన ప్రాంతంలో వాటిలో ఎక్కువ భాగం ఈ వరసలోంచే పుడుతున్నాయని నా నమ్మకం. బయానా పడ్డాక కొనేవారికి ఆ ఇల్లు తమదే అనిపిస్తుంది. అప్పటినుంచి బయటపడే ప్రతి లోపానికీ తామే సర్దిచెప్పుకుంటారు. అమ్మేవారు తమ అక్క సంతకం తర్వాత పెట్టిస్తామంటే సరేనంటారు. పాత దస్తావేజు కనబడటం లేదంటే నకలు చాలులే అనుకుంటారు.

ఇంటి కొనుగోలు గురించి మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం హైదరాబాదు, బెంగళూరు అపార్ట్‌మెంట్ల కోసం చెప్పినవి. బిల్డరు ఆలస్యం, కార్పెట్ ఏరియా, పార్కింగ్ లాంటి సంగతులే వాటినిండా ఉంటాయి. 2016 నాటి రెరా చట్టం అలాంటి కొనుగోలుదారులకు నిజంగా మేలు చేసింది. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవారి సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వాడేలా విడి ఖాతాలో ఉంచాలి. అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. అమలాపురంలో కొత్త ఫ్లాటు కొనేవారు ముందుగా రెరా నంబరు అడగాలి. కానీ ఆ చట్టం 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికో, ఎనిమిది ఇళ్లు దాటిన ప్రాజెక్టుకో వర్తిస్తుంది. ముమ్మిడివరంలో జరిగే కొనుగోళ్లు ఎక్కువగా ఒక కుటుంబం నుంచి మరో కుటుంబానికి జరిగేవి. పాత పెంకుటిల్లో, డాబాయో, కొబ్బరితోట చివర ఐదు సెంట్ల స్థలమో చేతులు మారుతుంది. అక్కడ రెరా ఉండదు, కొనేవారి జాగ్రత్తే ఉంటుంది.

ఆ జాగ్రత్తలో మొదటిది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, అమ్మే కుటుంబానికి సంబంధించింది.

తండ్రి పోయాడు, ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు అమ్ముతున్నారు, అక్కచెల్లెళ్లకు పెళ్లిళ్లయి అత్తవారిళ్లలో ఉన్నారు. మన దగ్గర ఇంతకంటే మామూలు బేరం లేదు, ఇంతకంటే ప్రమాదకరమైనదీ లేదు. “వాళ్లకి కట్నాలిచ్చేశాం, పసుపు కుంకుమ కింద పొలం కూడా ఇచ్చాం” అని అన్నదమ్ములు చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు. అయితే కట్నం ఇచ్చినంత మాత్రాన ఆడపిల్ల వాటా పోతుందని ఏ చట్టమూ చెప్పలేదు. తండ్రి స్వార్జితం విషయంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికి కూడా సమాన వాటా 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు కల్పించే సవరణను ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో మన రాష్ట్రం దేశంలోనే ముందు తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది వర్తించింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయిందా లేదా అన్న తేడా తీసేసింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది: అవసరం లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టరు పంపకాలను, అమ్మకాలను మాత్రం ఇది కదపదు.

కాబట్టి అన్నదమ్ములిద్దరి సంతకాలతో రిజిస్టరైన దస్తావేజు వాళ్లిద్దరి వాటాలనే బదిలీ చేస్తుంది. చెల్లెలు కోర్టుకెళితే మీ ఇల్లు పార్టిషన్ దావాలో ఆస్తి అవుతుంది. ఆమె న్యాయమైన హక్కునే అడుగుతోంది, మీరు న్యాయంగానే డబ్బిచ్చారు. ఇద్దరి పక్షానా న్యాయమున్న తగాదా ఏళ్ల తరబడి సాగుతుంది. పరిష్కారం ఏమంత కష్టం కాదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి, అందులో ఉన్న ప్రతి ఒక్కరితో సంతకం చేయించాలి. చనిపోయిన అక్క ఉంటే ఆమె పిల్లలు కూడా ఆ వరసలోకి వస్తారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న చెల్లెలు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మైనరు వాటా ఉంటే తల్లి సంతకం సరిపోదు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం కోర్టు అనుమతి కావాలి. ఈ పనులన్నీ బయానాకు ముందు అడిగితే అన్నదమ్ములు తామే పరుగెత్తి చేయిస్తారు. తర్వాత అడిగితే ఆ భారం కొన్నవారి మీద పడుతుంది.

రెండో రకం పొరపాట్లు భూమి హక్కుకు, స్వభావానికి సంబంధించినవి. రిజిస్ట్రేషన్ జరిగిందంటే ప్రభుత్వం హక్కును ఒప్పుకున్నట్టేనని చాలామంది అనుకుంటారు. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు. యజమాని నిజంగా యజమానేనా అని విచారించడం సబ్ రిజిస్ట్రారు పని కాదు. హక్కుకే ప్రభుత్వ హామీ ఇచ్చే ఉద్దేశంతో రాష్ట్రం తెచ్చిన భూ హక్కు చట్టం పెద్ద వివాదమై 2024లో రద్దయింది. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, విచారించుకునే బరువు మళ్లీ పూర్తిగా కొనేవారి మీదే ఉంది.

ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్) ఈ విచారణలో మొదటి మెట్టు. చాలామందికి అదే ఆఖరి మెట్టు కావడం విచారకరం. కంప్యూటరులో దొరికే ఈసీ సాధారణంగా 1983 నుంచి మొదలవుతుంది, అంతకుముందుది కార్యాలయంలో పుస్తకాలు తీయించి చూసుకోవాలి. పైగా అందులో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టరు చేయని వీలునామా, తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం, నడుస్తున్న దావా, చేబదులుకు తాకట్టు పెట్టిన అసలు దస్తావేజు అందులో ఉండవు. అందుకే పాత దస్తావేజుల (లింకు డాక్యుమెంట్ల) అసళ్లు కళ్లతో చూడాలి. అసలు పోయిందంటే ఎవరి దగ్గర ఉందో తేలేదాకా ఆగాలి.

కోనసీమ నేల మీద కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. గోదావరి మేటవేసిన లంక భూముల్లో ప్రభుత్వానివి చాలా ఉన్నాయి, వాటిమీద సాగుచేసుకునే హక్కే తప్ప అమ్ముకునే హక్కు ఉండదు. పేదలకిచ్చిన డీ-ఫారం పట్టా (అసైన్డ్) భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది, అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. 2023లో చేసిన సవరణ 20 ఏళ్లు నిండిన పట్టాలకు వెసులుబాటు ఇచ్చినా, అలా విడిపించిన భూముల రిజిస్ట్రేషన్లను 2024లో వచ్చిన ప్రభుత్వం ఆపింది. “ఇప్పుడు అసైన్డ్ భూమి కూడా అమ్ముకోవచ్చండి” అని మధ్యవర్తి చెప్పే మాట మీద డబ్బు పెట్టకండి. గుళ్లకు, సత్రాలకు పూర్వం దానమిచ్చిన మాన్యాలు ఊరూరా ఉన్నాయి. దేవాదాయ భూమిని అనుమతి లేకుండా ఎవరు అమ్మినా చెల్లదు, మధ్యలో నాలుగు చేతులు మారినా చెల్లదు. ఇలాంటి భూములు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషిద్ధ జాబితాలో సర్వే నంబరు వారీగా ఉంటాయి, కొనే ముందు చూసుకునే వీలుంది. జాబితాలో లేనంత మాత్రాన మచ్చలేనిదని కాదు గానీ, ఉంటే మాత్రం ఆ బేరం అక్కడితో వదిలేయాలి.

పాత ఊరి నడిబొడ్డున ఉండే ఇళ్లది ఇంకో కథ. అవి గ్రామకంఠంలో ఉంటాయి, వాటికి రెవెన్యూ రికార్డులైన అడంగల్, వన్-బి ఉండవు. అక్కడ చూపించేది ఇంటిపన్ను రసీదు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. గ్రామకంఠం ఇంటికి పాత దస్తావేజుల వరసే ప్రాణం. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులోని విస్తీర్ణం, కొత్త పటంలోని విస్తీర్ణం సరిపోతున్నాయో లేదో సర్వేయరుతో కొలిపించి చూడాలి. దస్తావేజులో ఐదు సెంట్లు, అంటే 242 గజాలు ఉండి, నేలమీద నాలుగున్నరే తేలడం అరుదేమీ కాదు. పుంతలోకి, పంటబోదెలోకి జరిగిన గోడ వల్ల ఎక్కువ తేలినా సంతోషించాల్సింది లేదు. రోడ్డు మీదికి లేని ఇల్లయితే రాస్తా హక్కు దస్తావేజు షెడ్యూలులో రాసి ఉండాలి. “ఎప్పటినుంచో అలాగే నడుస్తున్నాం” అన్న మాట పక్క తోట చేతులు మారేదాకానే చెల్లుతుంది.

యానాం వంతెన దాటి ఇల్లు కొనే ముమ్మిడివరం వాళ్లు కూడా ఉన్నారు. భాష, బంధుత్వాలు ఒకటే అయినా అక్కడి రిజిస్ట్రేషన్ పుదుచ్చేరి ప్రభుత్వానిది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు కనుక పాత పత్రాల తీరూ వేరు. అక్కడి న్యాయవాదితోనే చూపించుకోవాలి.

ఇక నేల, నీరు. కాగితాల్లోని తప్పును కోర్టుకెళ్లి సరిదిద్దుకోవచ్చేమో గానీ, పల్లంలో కొన్న ఇంటిని మెరక చేయలేం. మన వాళ్లు ఇళ్లు చూసేది ఎక్కువగా పంట చేతికొచ్చాక, మాఘం నుంచి వేసవి దాకా. అప్పుడు కోనసీమలో ప్రతి స్థలమూ ఆరి, చదునుగా, అందంగా ఉంటుంది. చూడాల్సిన నెలలు వేరే ఉన్నాయి: గోదావరికి వరదొచ్చే జూలై, ఆగస్టు, తుపాన్లు పట్టే అక్టోబరు, నవంబరు. ఆ రోజుల్లో చూసే వీలు లేకపోతే కనీసం ఇరుగుపొరుగును అడగాలి, అదీ లెక్కతో అడగాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక ఇచ్చినప్పుడు ఈ వీధిలో నీళ్లెక్కడున్నాయి, మూడోది ఇచ్చినప్పుడు ఎక్కడున్నాయి అని అడిగితే “ఇక్కడికి వరద రాదండి” అన్న మాట నిజమో కాదో తేలిపోతుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులొచ్చి ఏటిగట్లు తెగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఇల్లు ఏటిగట్టుకు ఏ వైపున ఉందన్నది ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. గట్టుకు నదివైపున ఉన్న ఇంటికి ఎంత తక్కువ ధర చెప్పినా అది తక్కువ కాదు.

గట్టుకు ఊరివైపున ఉన్నా మురుగునీటి బెడద ఉంటుంది. డెల్టాలో వాననీరు మురుగు కాలువల గుండా సముద్రానికి చేరాలి, పోటు సమయంలో ఆ నీరు వెనక్కి తన్నుతుంది. 216వ జాతీయ రహదారి పక్క స్థలాలకు గిరాకీ ఎక్కువ. 2002లో ఎదుర్లంక–యానాం మధ్య బాలయోగి పేరిట వంతెన తెరిచాక కాకినాడ దగ్గరయ్యి ఆ గిరాకీ ఇంకా పెరిగింది. రోడ్డు ఎత్తు చేసిన ప్రతిసారీ పక్కనున్న పాత ఇళ్లు ఆ మేరకు గోతిలోకి దిగుతాయి. ఇంటి గచ్చు రోడ్డుకంటే ఎంత పైన ఉందో టేపు పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఖాళీ స్థలం కొంటే మెరక ఖర్చు ధరలో కలిపి చూసుకోవాలి. ఐదు సెంట్లను మూడడుగులు లేపాలంటే 6,500 ఘనపుటడుగులకు పైగా మట్టి కావాలి. వంద ఘనపుటడుగులు పట్టే ట్రక్కుతో తోలితే 65 ట్రిప్పులు, అదీ మట్టి దిగబడకపోతే. ఒకప్పటి రొయ్యల చెరువును పూడ్చి వేసిన ప్లాట్లయితే మరింత జాగ్రత్త అవసరం. కొత్తగా పోసిన మట్టి కుదురుకునేదాకా పునాది వేయకూడదు, వేస్తే గోడలు బీటలిస్తాయి. ఆ స్థలం పాత అడంగల్‌లో ఏ పేరుతో ఉందో చూస్తే చెరువు సంగతి తెలుస్తుంది.

కట్టిన ఇంటి విషయంలో మన శత్రువు ఉప్పు. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. ఆ బోరు నీటితోనే కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, శ్లాబు పెచ్చులూడుతుంది. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. పాత డాబా కొనేటప్పుడు కొత్తగా వేసిన రంగు కంటే మేడమెట్ల అడుగు భాగం, బాత్రూం పైకప్పు, సన్‌షేడ్ల అంచులు చూడాలి. తుప్పు మరకలు, పొడవునా సాగిన బీటలు అక్కడ ముందు కనిపిస్తాయి. తాగునీరు ఎక్కడిదో, కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో ఎలా గడుస్తుందో ఆ ఇంటి ఆడవాళ్లను అడగాలి. ఈ ప్రశ్నకు మగవాళ్ల జవాబు కంటే వాళ్ల జవాబు ఎప్పుడూ కచ్చితంగా ఉంటుంది.

చమురు, గ్యాసు గొట్టాల సంగతి కోనసీమ బయటి సలహాల్లో కనిపించదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇవి చూసిన ప్రాంతంలో ఉంటూ స్థలం కొనేటప్పుడు కింద గొట్టం ఉందా అని అడగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1962 నాటి పైప్‌లైన్ల చట్టం కింద వినియోగ హక్కు తీసుకున్న పట్టీలో భూమి యజమానిదే అయినా ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు. పొలాల్లో నిలబెట్టిన గుర్తు రాళ్లు, బోర్డులు చూడాలి, పాత యజమాని నష్టపరిహారం ఏమైనా తీసుకున్నారేమో అడగాలి. తీరానికి దగ్గరైన చోట, ఆటుపోట్లు తగిలే పాయల పక్కన తీర నియంత్రణ నిబంధనలు కూడా అడ్డొస్తాయి.

ప్లాట్లకు ధర పెంచే కబుర్ల గురించి ఒక్క మాట. కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గానికి 2000లో శంకుస్థాపన జరిగింది, పావు శతాబ్దం దాటినా అమలాపురానికి రైలు రాలేదు. రాబోయేదాన్ని చూపి అడిగే ధర ఇవ్వకండి. తోటలను చీల్చి వేసిన ప్లాట్లకు లేఅవుట్ అనుమతి ఉందా, భూమి వ్యవసాయేతరంగా మారిందా అన్నది నగర పంచాయతీలో, పట్టణాభివృద్ధి సంస్థలో అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేని ప్లాటుకు ఇంటి ప్లాను రాదు, ప్లాను లేనిదే బ్యాంకు అప్పు రాదు.

డబ్బు విషయంలో మూడే సంగతులు చెబుతాను. ఒకటి, ధర తగ్గించి రాయించుకోవడం. మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. దాన్ని తప్పించుకోవాలని 25 లక్షలకే దస్తావేజు రాయించుకుంటారు. రేపు హక్కులో తగాదా వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే కోర్టులో కనిపించేది 25 లక్షలే. బ్యాంకు అప్పూ దాన్నిబట్టే వస్తుంది. ఇల్లు మళ్లీ అమ్మినప్పుడు ఆ తేడా లాభంగా లెక్కకొచ్చి పన్ను పడుతుంది. ఇంటి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే జరిమానా పడే నిబంధన కూడా ఉంది. రెండు, అమ్మేవారు విదేశంలో స్థిరపడినవారైతే ధర ఎంతైనా పన్ను కోసి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే. అమెరికాలో ఉన్న డాక్టరుగారి ఇల్లు కొని, ఆ పన్ను నోటీసు తాము అందుకోవలసి వస్తుందని మన ఊళ్లలో చాలామందికి తెలియదు. మూడు, అప్పు సంగతి. 30 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు 26 వేలు, మొత్తం 62 లక్షలకు పైగా కట్టాలి. 15 ఏళ్లకైతే నెలకు మూడున్నర వేలు ఎక్కువ, మొత్తంమీద 9 లక్షలకు పైగా తక్కువ. చర వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

బ్యాంకు న్యాయవాది చూశారు కదా అన్న ధీమాను కూడా పొరపాట్ల లెక్కలోనే వేస్తాను. ఆయన చూసేది బ్యాంకు సొమ్ముకు భద్రత ఉందా అని. మీ తరఫున చూసే న్యాయవాదిని మీరు విడిగా పెట్టుకోవాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద, అగ్రిమెంటు మీద ఇల్లు కొన్నామనుకునేవారికి సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది, వాటితో యాజమాన్యం బదిలీ కాదని. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే పూర్తవుతుంది.

ఇప్పటికే కొనేసి ఈ లోపాల్లో ఏదో ఒకటి ఉందని అనుమానిస్తున్నవారు వివాదం వచ్చేదాకా ఆగకండి. సంతకం పెట్టని అక్కచెల్లెళ్లతో మంచిగా మాట్లాడి, వాళ్లకు రావాల్సింది అమ్మినవారి చేత ఇప్పించి, హక్కు విడుదల దస్తావేజు ఇప్పుడే రాయించుకోండి. బయానా ఇవ్వబోతున్నవారు ఆ డబ్బును మరో రెండు వారాలు మీ దగ్గరే ఉంచుకుని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లండి. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే మొదటి పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు అడిగి తీసుకోవచ్చు. 1908 నుంచి రిజిస్ట్రేషన్ చట్టం ఆ హక్కు అందరికీ ఇచ్చింది.